అలాఫ్ట్ అంటే గాలిలో ఉండటమా, పైన ఉండటమా?

మాటలమూట అడుగుతున్నారు:

నమస్కారం. పిల్లల పత్రికలకు సైన్సు వ్యాసాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పని నాది. ఇప్పుడు చేస్తున్నది మనిషి మొట్టమొదట నేల విడిచి ఎగిరిన కథ. వ్యాసం చిన్నదే, ఎనిమిది పేజీలు. అందులో అలాఫ్ట్ (aloft) అనే ఇంగ్లీషు మాట నాలుగు చోట్ల వచ్చింది. నాలుగు చోట్లా నాలుగు రకాలుగా రాసి, నాలుగూ కొట్టేశాను.

మొదటిది 1783 నవంబరు 21 నాటి సంగతి. మోంగోల్ఫియె సోదరుల వేడిగాలి బెలూన్‌లో పిలాట్ర్ ద రోజియె, మార్కీ దార్లాంద్ పారిస్ మీదుగా వెళ్లారు. బెలూన్‌ను తాడుతో నేలకు కట్టకుండా మనుషులు ఎగరడం అదే మొదలు. వాళ్లు దాదాపు 25 నిమిషాలు అలాఫ్ట్‌గా ఉన్నారని వ్యాసంలో ఉంది. 'గాలిలో ఎగిరారు' అని రాశాను. మళ్లీ చదువుకుంటే ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఎగరడం అంటే కదలిక. ఆ ఇంగ్లీషు వాక్యం చెప్పేది కదలిక గురించి కాదు, కింద పడకుండా అన్ని నిమిషాలు ఉండగలగడం గురించి.

రెండోది పాత తెరచాప ఓడల ముచ్చట. తుపానులో ఒక కుర్రవాణ్ణి అలాఫ్ట్ పంపారట. 'పైకి పంపారు' అని రాసేశాను. ప్రూఫులు చూసే ఆవిడ ఆ వాక్యం పక్కన ఎర్ర పెన్నుతో "పాపం, చనిపోయాడా?" అని రాశారు. నిజమే, తెలుగులో ఒకణ్ణి పైకి పంపారంటే వచ్చే అర్థం అదే. పదేళ్ల పిల్ల ఎవరైనా అలాగే చదివి ఉంటే ఎంత కంగారుపడేదో అని ఆ రోజంతా మనసు బాగాలేదు.

మూడోది, బెలూన్ పందెం గెలిచిన ఒకామె కప్పును అలాఫ్ట్‌గా పట్టుకుందని. నాలుగోది విండ్స్ అలాఫ్ట్ అట, బెలూన్ నడిపేవాళ్లు బయల్దేరే ముందు చూసుకునేదట.

నిఘంటువు తీస్తే పైన, ఎత్తున, గాలిలో అని మూడు అర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి. కానీ ఈ మూడూ ఒకటి కావు. అటక మీది పెట్టె పైన ఉంటుంది గానీ గాలిలో ఉండదు. అసలు ఈ మాట మొదట దేన్ని చెప్పడానికి పుట్టింది? ఎయిర్‌బోర్న్ అన్నా ఇదేనా? అలూఫ్ అని ఇంకో మాట ఉంది కదా, దూరదూరంగా ఉండటం అని, అది దీనికి చుట్టమా? తెలిసినవాళ్లు చెప్పండి. గడువు కంటే నన్ను ఎక్కువ పట్టి లాగుతున్నది ఆ మాటే.

రన్‌వే27 జవాబు:

చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాను. మీ నాలుగోది మాకు పరీక్షలో వస్తుంది.

విండ్స్ అలాఫ్ట్ అనేది అమెరికా వాతావరణ శాఖ ఇచ్చే ఒక అంచనా. 3,000 అడుగులు, 6,000, 9,000 అలా ఒక్కో ఎత్తులో గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తుందో అంకెల్లో ఇస్తారు. 2725 అని ఉంటే 270 డిగ్రీల నుంచి, అంటే పడమటి నుంచి, 25 నాట్ల వేగంతో గాలి (నాట్ అంటే ఓడలు, విమానాల వాళ్లు వేగం కొలిచే కొలత). 9900 అని ఉంటే గాలి చాలా తక్కువ, దిక్కు నిలకడగా లేదు అని. నేల దగ్గరి గాలి సంగతి వేరే నివేదికలో వస్తుంది. అందుకని ఇక్కడ అలాఫ్ట్ అంటే 'నేల దగ్గరది కాదు, ఎత్తులోది' అని తీసుకోండి. బెలూన్‌కు చుక్కాని ఉండదు కదా. పైకి పోయో కిందికి దిగో తమకు కావలసిన వైపు వీచే గాలిని వెతుక్కోవాలి. అందుకే వాళ్లకు ఆ అంకెలే దారి.

ఎయిర్‌బోర్న్ వేరు. చక్రాలు రన్‌వేని వదిలిన క్షణం నుంచి మేం ఎయిర్‌బోర్న్. దానికి గడియారంలో ఒక సమయం ఉంటుంది. అలాఫ్ట్‌కు అలా ఒక క్షణం ఉండదు, ఎంతసేపు ఉన్నాం అన్నదే లెక్క. 1958 డిసెంబరులో ఇద్దరు సెస్నా 172 అనే చిన్న విమానం ఎక్కి 64 రోజుల 22 గంటల 19 నిమిషాలు దిగకుండా ఉన్నారు. రోడ్డు మీద పరుగెత్తే ట్రక్కు నుంచి గొట్టం పైకి లాక్కుని పెట్రోలు నింపుకునేవారు. ఆ రికార్డు గురించి చదివినప్పుడు నాకు బాగా గుర్తుండిపోయిన మాట అలాఫ్టే. కాబట్టి నా అభిప్రాయంలో అలాఫ్ట్ అంటే ఉండటమే, వెళ్లడం కాదు.

డెక్కుమీద జవాబు:

రన్‌వే27 గారూ, ఒక్క మాట. మా ఓడల్లో వెళ్లడం కూడా ఉంది. సరుకు ఓడల్లో డెక్కు మీద పందొమ్మిదేళ్లు పని చేశాను. గోయింగ్ అలాఫ్ట్, వర్కింగ్ అలాఫ్ట్ అనే మాటలు లేకుండా మాకు వారం గడవదు.

మాటలమూట గారూ, మీ కుర్రవాడు చనిపోలేదు, గాలిలోకీ ఎగరలేదు. మాస్ట్, అంటే తెరచాపలు కట్టే పొడవాటి స్తంభం, ఎక్కాడు. ఓడ భాషలో డెక్కుకు పైన ఉన్న మాస్టులు, అడ్డకొయ్యలు, తాళ్లు అన్నీ అలాఫ్టే. తెరచాపల కాలంలో గాలి పెరిగితే ఎవరో ఒకరు అక్కడికి ఎక్కి, అడ్డకొయ్య మీద పొట్ట ఆనించి, కింద వేలాడే తాడు మీద పాదాలు పెట్టి, చాపను మడిచి కట్టాలి. అది రాత్రయినా తప్పదు, వానయినా తప్పదు. దాన్ని 'గాల్లోకి' అంటే ఆ పని మొత్తం మాయమైపోతుంది. చేతుల్లో తాడు, కాళ్ల కింద తాడు ఉన్నాయని పిల్లలకు తెలియాలి.

ఇప్పుడు తెరచాపలు లేకపోయినా ఆ మాట పోలేదు. మాస్ట్ మీద దీపం మార్చాలన్నా, రంగు వేయాలన్నా ముందు వర్కింగ్ అలాఫ్ట్ పర్మిట్ రాయాలి. రాడార్ ఆపాలి, ఎందుకంటే ఎక్కేవాడు దాని ఎదురుగానే ఉంటాడు. ఓడ కూత మోగకుండా కట్టేయాలి, చెవి పక్కన అది మోగితే మనిషి చేయి వదిలేస్తాడు. మనిషి పైన ఉన్నాడని బ్రిడ్జిలో, అంటే ఓడ నడిపే గదిలో, బోర్డు పెట్టాలి. నడుముకు బెల్టు, కింద చూస్తూ ఒకడు. నేను మొదటిసారి ఎక్కిన రోజు బోసన్, అంటే డెక్కు పనివాళ్ల మేస్త్రీ, నా బెల్టు కొక్కేన్ని తన చేత్తో లాగి చూసి, ఇంకోసారి లాగి చూసి, అప్పుడు పొమ్మన్నాడు. అలాఫ్ట్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఆ కొక్కెం చప్పుడే వినిపిస్తుంది.

అలూఫ్ మాత్రం చుట్టం కాదు. అది లఫ్ అనే మాట నుంచి వచ్చింది. ఓడకు గాలి వచ్చే వైపు లఫ్. ఒడ్డు ప్రమాదంగా ఉన్నప్పుడు ఓడ తలను గాలి వచ్చే వైపు తిప్పి, ఒడ్డుకు దూరంగా ఉంచుతారు. అదే అలూఫ్‌గా ఉండటం. తర్వాత మనుషులకు వాడారు.

పాతవేరు జవాబు:

మీ ముగ్గురూ చెప్పినవి చదివాక నాకు చాలా సంతోషం వేసింది. ఒకరు ఉండటం అంటున్నారు, ఒకరు వెళ్లడం అంటున్నారు, అడిగినవారు గాలా, పైనా అంటున్నారు. ఈ తగాదా అంతా ఆ మాట పుట్టుకలోనే ఉంది.

అలాఫ్ట్ ఇంగ్లీషు నేల మీద పుట్టింది కాదు. స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు తెచ్చింది. 865లో వాళ్ల పెద్ద సైన్యం ఇంగ్లండులో దిగింది. తర్వాత కొన్నేళ్లకు వాళ్లలో చాలామంది దోపిడీ మాని ఉత్తరాన, తూర్పున పొలాలు దున్నుకుంటూ స్థిరపడ్డారు. వాళ్లు మాట్లాడింది ఓల్డ్ నార్స్. ఆ భాషకూ అప్పటి ఇంగ్లీషుకూ పోలికలు ఎక్కువ. ఇరుగుపొరుగు కాబట్టి మాటలు అటూ ఇటూ నడిచాయి. ఎగ్, నైఫ్, హస్బెండ్, విండో, చివరికి దే అనే సర్వనామం కూడా ఆ ఇళ్ల నుంచి వచ్చినవే. విండో అంటే వాళ్ల భాషలో గాలి కన్ను. నాకు ఎంతో ఇష్టమైన మాట అది.

ఆ భాషలో 'లోప్త్' అనే మాట ఉండేది. ప కారంతో రాసినా పలికేది లోఫ్త్ అనే. దానికి గాలి అని అర్థం, ఆకాశం అని అర్థం, ఇంటి పై గది అని కూడా అర్థం. మాటలమూట గారూ, మీరు విడదీస్తున్న రెండు అర్థాలూ ఇంగ్లీషులోకి రాకముందే ఒకే మాటలో కలిసి ఉన్నాయి. ఇప్పటి ఐస్లాండ్ భాషలో కూడా లోఫ్ట్ అంటే గాలీ, అటకా రెండూ. ఇంగ్లీషులో ఇంటి అటకను లాఫ్ట్ అనేదీ, ఎత్తయిన దాన్ని లాఫ్టీ అనేదీ దాన్నుంచే.

ఇక ముందున్న 'అ' సంగతి. ఓల్డ్ నార్స్‌లో 'ఆ' అంటే మీద, లో అని. మన లో, మీద నామవాచకం వెనక వస్తే వాళ్లది ముందు వస్తుంది. ఇక్కడే అసలు ముడి ఉంది. 'ఆ లోప్త్' అంటే గాలిలోకి. 'ఆ లోప్తి' అంటే గాలిలో. చివర ఒక్క ఇకారం తేడా. మొదటిది వెళ్లడానికి, రెండోది ఉండటానికి. మనం గాలిలోకి, గాలిలో అని 'కి' పెట్టి చెప్పే తేడానే వాళ్లు ఆ ఇకారంతో చెప్పేవారు. సుమారు 1200 నాటికి ఈ మాట ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. ఇంగ్లీషు అప్పటికే పదాల చివరి విభక్తుల్ని రాల్చుకుంటూ ఉంది. ఆ ఇకారం రాలిపోయింది. రెండు రూపాలూ కలిసి ఒకే అలాఫ్ట్ అయ్యాయి. అందుకే విమానం అలాఫ్ట్‌గా ఉంటుంది, నావికుడు అలాఫ్ట్ వెళ్తాడు. రన్‌వే27 గారిదీ నిజమే, డెక్కుమీద గారిదీ నిజమే. తెలుగులో మనకు ఆ రెండూ ఇంకా విడివిడిగా ఉన్నాయి. మీ అనువాదంలో మొదటి పని, ప్రతి చోటా అది 'లోకి'నా, 'లో'నా అని తేల్చుకోవడం.

ఇలాంటి 'అ' ఇంగ్లీషులో ఇంకా చాలా మాటలకు ఉంది. అషోర్, అబోర్డ్, అస్లీప్, అలైవ్. ఇవన్నీ పాత ఇంగ్లీషు ఆన్ అరిగిపోయి మిగిలినవి. అస్లీప్ అంటే నిద్రలో, అలైవ్ అంటే ప్రాణంతో. నార్స్ 'ఆ'కూ ఆ ఆన్‌కూ పుట్టిల్లు ఒకటే. ఇవి విడిపదాల్లా కనిపిస్తాయి గానీ లోపల విభక్తి దాగి ఉంది. అందుకే వీటిని నామవాచకం ముందు పెట్టరు. నిద్రపోతున్న పాపను అస్లీప్ బేబీ అనరు, ఎగిరే గాలిపటాన్ని అలాఫ్ట్ కైట్ అనరు. తెలుగులో 'మింట' అనే మాట చూడండి. మిన్ను ఏడో విభక్తిలో మింట అయింది, ఇల్లు ఇంట అయినట్టు. మింట పక్షి అనం. మింట ఎగిరే పక్షి అంటాం, లేదా మింటి పక్షి అంటాం. అలాఫ్ట్‌కు ఒకే మాటలో సరిజోడు తెలుగులో ఉందంటే అది మింటే. కానీ పిల్లల వ్యాసంలో వద్దు, పద్యం వాసన వస్తుంది.

ఇప్పుడు నన్ను ఈ మాట దగ్గర ఎన్నో ఏళ్లుగా కట్టిపడేసిన విషయం. లోప్త్ నుంచి నార్స్‌లో ఒక క్రియ ఉంది, 'లిప్త', గాలిలోకి లేపు అని. అదే ఇంగ్లీషులో లిఫ్ట్ అయింది. విమానం రెక్కల మీద పైకి పని చేసే బలాన్ని ఏమంటారు? లిఫ్ట్. ఆ బలం వల్ల విమానం ఎలా ఉంటుంది? అలాఫ్ట్‌గా. విమానాల పుస్తకాల్లో ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో ఎన్నో సార్లు పక్కపక్కన కూర్చుంటాయి. అవి తోబుట్టువులని చదివేవాళ్లలో ఎంతమందికి తెలుసు? విమానం అనే ఊహ కూడా లేని రైతులు ఇచ్చిపోయిన మాటలవి.

జర్మన్‌లో గాలి అంటే లుఫ్ట్. జర్మన్ విమాన సంస్థ లుఫ్తాన్సా పేరులో మొదటి సగం అదే, రెండో సగం పాత వర్తక సంఘం హన్సా. ఇంగ్లీషుకూ తనదైన గాలి మాట ఒకటి ఉండేది, 'లుఫ్ట్'కు దగ్గరగా పలికే 'లిఫ్ట్'. ఇది పైన చెప్పిన, లేపు అనే లిఫ్ట్ కాదు; గాలి అన్నా, ఆకాశం అన్నా ఇదే. అది ఇంగ్లండులో పోయింది. గాలికి ఫ్రెంచి నుంచి ఎయిర్ తెచ్చుకున్నారు. ఆకాశానికి నార్స్ నుంచి స్కై తెచ్చుకున్నారు, అదీ నిజానికి మేఘం అనే అర్థం ఉన్న మాట. స్కాట్లండ్ భాషలో మాత్రం ఆకాశాన్ని లిఫ్ట్ అనడం మిగిలింది. సొంత గాలి పోగొట్టుకున్న భాష, పక్కింటి గాలిని అలాఫ్ట్‌లో దాచుకుంది.

ఎయిర్‌బోర్న్ గురించి ఒక్క మాట. బోర్న్ ఇక్కడ పుట్టిన అని కాదు, మోయబడిన అని. బేర్ అంటే మోయడం. గాలి మోసుకొచ్చేది ఎయిర్‌బోర్న్. అందుకే పుప్పొడి ఎయిర్‌బోర్న్, జబ్బు ఎయిర్‌బోర్న్, పారాచూట్ దళాలూ ఎయిర్‌బోర్న్. అందులో మోసేవారెవరో మాటలోనే ఉంది. అలాఫ్ట్‌లో అది లేదు, చోటు మాత్రమే ఉంది. కప్పును పైకెత్తి పట్టుకున్నామెను చూడండి, మోస్తున్నది గాలి కాదు, ఆమె చేయి. అక్కడ అలాఫ్ట్ అనొచ్చు, ఎయిర్‌బోర్న్ అనకూడదు.

గీతలగది జవాబు:

పాతవేరు గారు అటక అన్నారు కాబట్టి నా పక్క నుంచి ఒకటి. కంప్యూటర్‌లో యంత్రభాగాల త్రీడీ నమూనాలు గీస్తాను. మా సాఫ్ట్‌వేర్‌లో లాఫ్ట్ అని ఒక కమాండ్ ఉంటుంది. రెండు మూడు అడ్డుకోతల ఆకారాలు ఇస్తే వాటి మీదుగా నున్నటి ఉపరితలం పరుస్తుంది. ఆ పేరెందుకో ఆరేళ్లు తెలియకుండానే రోజూ నొక్కాను.

ఓడలు కట్టే చోట పెద్ద పై అంతస్తు ఉండేది, మోల్డ్ లాఫ్ట్ అనేవారు. స్తంభాలు అడ్డు రాని విశాలమైన నేల. ఓడ అడుగు వంపుల్ని ఆ నేల మీద అసలు కొలతల్లో, పొడవాటి సన్నని బద్దల్ని వంచి గీసేవారు. ఆ గీతల మీద పెట్టి అచ్చులు కోసేవారు. చోటు పేరు పనికి వచ్చి ఆ పని లాఫ్టింగ్ అయింది. విమానాలు వచ్చాక వాటి రెక్కలకూ, ఒంటికీ అదే పద్ధతి, అదే పేరు. ఇప్పుడు నేల లేదు, బద్దలు లేవు, మౌస్ నొక్కడం ఉంది. ఈ చర్చ మొత్తం చదివాక నిన్న ఒక ఫ్యాన్ రెక్కకు లాఫ్ట్ ఇస్తూ కాసేపు ఆగాను.

మాటలమూట మళ్లీ రాస్తున్నారు:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. 'లోకి'నా, 'లో'నా అన్న ప్రశ్నతో నాలుగు వాక్యాలూ మళ్లీ పట్టుకున్నాను.

కప్పు తేలిగ్గా కుదిరింది. 'కప్పును తలకన్నా ఎత్తుగా పట్టుకుని నిలబడింది.' గాలుల చోట 'పై ఎత్తుల్లో వీచే గాలులు' అని పెట్టి, బెలూన్‌కు చుక్కాని లేదన్న రన్‌వే27 గారి మాట ఒక వాక్యంగా చేర్చాను. సంపాదకులను అడిగే చేర్చాను.

ఎక్కువ సేపు పట్టింది బెలూనే. 'గాలిలో ఉన్నారు' అంటే సరిపోతుంది, వ్యాకరణమూ సరే. కానీ ఆ ప్రయాణం గురించి దార్లాంద్ రాసిన ఉత్తరం వివరాలు వ్యాసంలోనే తర్వాతి పేజీలో ఉన్నాయి. ఇద్దరూ బరువు సరిపోవడానికి చెరో వైపు నిలబడ్డారు. మధ్యలో మంట. దానికి గడ్డి వేస్తూనే ఉండాలి, లేకపోతే దిగిపోతారు. దార్లాంద్ కింద నదిని చూస్తూ ఉండిపోతే, అలా చూస్తూ కూర్చుంటే అందులోనే స్నానం చేయాల్సి వస్తుంది, మంట వేయండి మిత్రమా అని రోజియె తొందరపెట్టాడట. నిప్పురవ్వలకు గుడ్డ అక్కడక్కడా కాలి చిల్లులు పడితే తడి స్పాంజితో ఆర్పుకున్నారు. ఇదంతా ఆ 25 నిమిషాల్లోనే. అటువంటి చోట ఉన్నారు అనడం నా వల్ల కాలేదు. చివరికి ఇలా రాశాను: 'దాదాపు 25 నిమిషాలు గాలిలో నిలదొక్కుకున్నారు.' నిలదొక్కుకోవడం కాళ్ల మీద చేసే పని, గాలిలో ఎలా అని ఎవరైనా అడగవచ్చు. ఆ రోజు వాళ్లు చేసింది మాత్రం అదేనని నాకు అనిపిస్తోంది. మీకు అభ్యంతరం ఉంటే చెప్పండి, శుక్రవారం దాకా మార్చే వీలుంది.

ఓడ వాక్యం డెక్కుమీద గారిది. 'తుపాను మధ్యలో ఆ కుర్రవాడు తాళ్లు పట్టుకుని మాస్ట్ ఎక్కాడు, చాప మడిచి కట్టి కిందికి దిగాడు.' కిందికి దిగాడన్నది మూలంలో తర్వాతి పేరాలో ఉంది, దాన్ని ముందుకు తెచ్చాను. ప్రూఫుల ఆవిడకు ఈ పూటే పంపుతున్నాను.